వెలుతురు ఎవరి ముఖానికి?

(హైదరాబాద్‌లో జరిగిన ఒక విద్యార్థి సమావేశంలో, చలనచిత్ర విద్య పూర్తి చేసిన నలుగురు మిత్రుల తరఫున చదివిన ప్రసంగ పాఠం)



ఈ కాగితాలను చదువుతున్నది ఒక్కరే అయినా రాసింది నలుగురం. చదువుకున్న రెండేళ్ళూ మేము ఒకే కెమెరాను పంచుకున్నాము. అందువల్ల ఆ కెమెరా విషయంలో "నేను" అని విడిగా చెప్పుకోదగిన అనుభవం మాలో ఎవరికీ మిగలలేదు. తప్పులు కూడా ఉమ్మడివే.

మీలో చాలామంది ఇంటర్మీడియట్ ముగించి ముందు చదువు గురించి ఆలోచిస్తున్నవారు. సినిమా చదువు ఎలా ఉంటుందో చెప్పమని నిర్వాహకులు మమ్మల్ని అడిగారు. కథారచన, కూర్పు, శబ్దగ్రహణం, దర్శకత్వం అన్నింటినీ ఈ అరగంటలో తడమబోతే ఏదీ మీ చేతికి అందదు. అందుకని ఒక యంత్రాన్ని గురించి, దానిని నేర్చుకునే క్రమంలో మేము చేసిన ఒక పెద్ద పొరపాటును గురించి కాస్త వివరంగా చెప్పదలచుకున్నాము.

మీ అందరి దగ్గరా ఫోను ఉంది. అందులో కెమెరా ఉంది. అది చక్కని బొమ్మే తీస్తుంది. మా చేతికి తొలిసారి వృత్తి కెమెరా వచ్చినప్పుడు మాకు కలిగిన మొదటి భావం నిరాశ. మాకిచ్చినది సోనీ ఎఫ్‌ఎస్7. 2014లో వచ్చిన నమూనా. దాని ఖరీదు విన్న తరువాత మేము దానిని ముట్టుకోవడానికే జంకాము. తీరా తీసి చూస్తే మా ఫోను బొమ్మే దానికంటే బాగుంది! రంగు వెలిసిపోయి, ఫోకస్ తప్పి, ఒకచోట తెల్లగా పేలిపోయి, మరొకచోట చీకటిగా ఉన్నది మా మొదటి దృశ్యం. కారణం తరువాత తెలిసింది. ఫోను మన తరఫున క్షణక్షణమూ నిర్ణయాలు తీసుకుంటూ ఉంటుంది. ఎంత వెలుతురు లోపలికి రానివ్వాలి, ఏది స్పష్టంగా కనపడాలి, తెలుపు ఏ తెలుపు కావాలి అన్నవన్నీ దాని లోపలి లెక్కలే చూసుకుంటాయి. వృత్తి కెమెరా ఆ నిర్ణయాలన్నిటినీ బయటకు తెచ్చి, మీటలుగా, ఉంగరాలుగా మన వేళ్ళ కింద పెడుతుంది. నిర్ణయించడం రానివానికి అది ఫోనుకంటే అధ్వాన్నమైన కెమెరా.

మా విభాగంలో కెమెరా గదికి బాధ్యులైన ఒక పెద్దాయన ఉండేవారు. సినిమా యూనిట్లలో ఏళ్ళ తరబడి పనిచేసి వచ్చినవారు. అందరమూ ఆయనను సాబ్ అనే పిలిచేవారం. మొదటి రెండు వారాలు ఆయన మాకు కెమెరా ఇవ్వలేదు. ట్రైపాడ్ మాత్రం ఇచ్చారు. కాళ్ళు విప్పడం, మెట్ల మీద నిలబెట్టడం, పైనున్న చిన్న బుడగను వలయం మధ్యకు తెచ్చి సమతలం చేయడం, మళ్ళీ ముడవడం. ఇదే పని. మాకు ఒళ్ళు మండేది. "సాబ్, సినిమా నేర్చుకోవడానికి వచ్చాము, మూడు కాళ్ళ స్టాండు మోయడానికి కాదు" అని మాలో ఒకరు అననే అన్నారు. ఆయన కోప్పడలేదు. మర్నాడు ట్రైపాడ్ కూడా ఇవ్వలేదు.

ఆ తరువాత ఒక్కొక్క మీటా పరిచయమైంది. మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవృత్తులతో నడుస్తుంది కనుక దీపాలు సెకనుకు వందసార్లు మినుకుమంటాయి. అది కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. సెకనుకు 25 ఫ్రేములు తీస్తూ, షట్టర్‌ను సెకనులో 50వ వంతుకు పెట్టుకుంటే ఆ మినుకు బొమ్మలోకి రాదు, కదలిక కూడా సహజంగా ఉంటుంది. 60వ వంతుకు పెడితే ట్యూబులైటు కింద బొమ్మ అలలు అలలుగా వణుకుతుంది. తెలుపు సంగతి మరొకటి. పాతకాలపు బల్బు వెలుగు 3200 కెల్విన్, పగటి వెలుగు 5600 కెల్విన్ అని గుర్తు పెట్టుకొని, తెల్లకాగితాన్ని కెమెరాకు చూపించి "ఇక్కడ తెలుపంటే ఇది" అని చెప్పాలి. ఎండ తీవ్రంగా ఉంటే ఎన్‌డీ ఫిల్టరు వేయాలి. అంటే కెమెరాకు నల్లకళ్ళద్దాలు పెట్టడమన్నమాట. మా కెమెరాలో నాలుగో వంతు, పదహారో వంతు, అరవై నాలుగో వంతు వెలుతురును మాత్రమే లోపలికి వదిలే మూడు ఫిల్టర్లు చక్రంలా తిరుగుతూ ఉండేవి. వెలుతురు సగమైతే ఒక స్టాపు తగ్గింది అంటారు, రెట్టింపైతే ఒక స్టాపు పెరిగింది అంటారు. ఈ స్టాపు అనే మాటను మీరు గుర్తుంచుకోవాలి, మళ్ళీ దానితో పని ఉంది.

ఇవన్నీ నోటికి వచ్చేసరికి మాకు చదువు వచ్చేసిందని అనుకున్నాము. మొదటి ఏడాది చివర ప్రతి బృందమూ పది నిమిషాల డాక్యుమెంటరీ తీయాలి. మేము చార్మినార్ దగ్గరి ఒక గల్లీలో వెండి వరక్ కొట్టే ఒక పెద్దాయనను ఎంచుకున్నాము. మిఠాయిల మీద, పాన్ మీద అద్దే పలుచని వెండి రేకు మీకు తెలుసు. చిన్న వెండి ముక్కలను పుస్తకం వంటి కట్టలో పొరపొరకూ నడుమ ఉంచి, సుత్తితో గంటల తరబడి కొడితే అవి ఊపిరికే ఎగిరిపోయేంత పలుచగా సాగుతాయి. పాతబస్తీ సందుల్లో ఒకప్పుడు ఎటు వెళ్ళినా వినిపించిన ఆ సుత్తి చప్పుడు ఇప్పుడు వెతుక్కుంటే గాని వినపడదు. ఆయనను మేము చాచా అని పిలిచేవారం. టీవీ వాళ్ళు వస్తారు, వెళతారు, తమను ఎలా చూపించారో ఎప్పుడూ చెప్పరని చాచా ఫిర్యాదు. తీసినదంతా ముందు ఆయనకే చూపిస్తామని మాట ఇచ్చిన తరువాతనే ఒప్పుకున్నారు.

చిత్రం ఈద్గాలో మొదలు కావాలని మా ఆలోచన. రంజాన్ పండుగనాడు మీర్ ఆలం ఈద్గాలో వేలాది తెల్లని దుస్తుల నడుమ చాచా కనపడాలి, అక్కడి నుండి ఆయన చీకటి దుకాణానికి రావాలి. అనుమతులు తీసుకొని తెల్లవారకముందే వెళ్ళాము. ముఖాలు కనపడాలి కనుక బారులకు ఎదురుగా కెమెరా పెట్టాము. జనం కదులుతూ ఉంటారు, మాటిమాటికీ సరిచేయడం కష్టమని ఐరిస్‌ను ఆటో మీద వదిలేశాము. ఆ చిన్న తెర మీద అంతా దివ్యంగా కనపడింది.

సాయంత్రం పెద్ద తెర మీద చూసినప్పుడు మాకు నోట మాట రాలేదు. ఆకాశం అందంగా ఉంది, దుస్తుల మడతలు అందంగా ఉన్నాయి, ముఖాలు మాత్రం లేవు. టోపీ కింద, గడ్డం పైన ఒక నల్లని మచ్చ. వేలమందికీ అదే మచ్చ. మా చాచా ఎవరో మాకే పోల్చుకోవడం కష్టమైంది. పైగా తెల్ల కుర్తా వేసుకున్న పిల్లవాడు ఎవరైనా కెమెరా ముందు నుండి పోతే బొమ్మ మొత్తం మసకబారి, వాడు దాటగానే తిరిగి తెల్లబడుతోంది. ఊపిరి పీల్చి వదిలినట్లుగా.

మాట ఇచ్చాము కనుక చాచాకు చూపించక తప్పలేదు. ఆయన లాప్‌టాప్ వైపు వంగి చూసి నవ్వుతూ అన్నారు: "మేరా మూ కాలా కర్ దియే నా, బేటా." నా మొహం నల్లగా చేశారు కదా అని. దక్కనీ తెలిసినవారికి ఆ మాటకున్న రెండో అర్థం చెప్పనక్కరలేదు. పరువు తీశారని అర్థం. ఆయన వేళాకోళంగానే అన్నారు. మాలో ఎవరికీ నవ్వు రాలేదు.

ఏం జరిగిందో సాబ్ మాకు ఒక బూడిద రంగు అట్ట పెట్టి వివరించారు. దాని మీద పడ్డ వెలుతురులో 18 శాతాన్ని అది తిప్పి పంపుతుంది. ఆటో కెమెరాకు లోకంలో తెలిసిన రంగు అదొక్కటే. తనకు ఎదురైన దృశ్యమంతా సగటున ఆ బూడిద రంగులో ఉంటుందని అది నమ్ముతుంది. కుర్తాల తెలుపు తన మీద పడిన వెలుతురులో దాదాపు 90 శాతాన్ని తిప్పి పంపుతుంది. కెమెరా దానిని చూసి, వెలుతురు మరీ ఎక్కువైందని భ్రమపడి, ఐరిస్ మూసేస్తుంది. తెలుపు బూడిదవుతుంది, ముఖం మసి అవుతుంది. దీనికి తిరగేసిన పొరపాటూ ఉంది. నల్ల బురఖా వేసుకున్న ఒక తల్లిని దగ్గరగా తీసి చూడండి. నలుపు నాలుగైదు శాతం కూడా తిప్పి పంపదు. కెమెరా ఇప్పుడు చీకటని భ్రమపడి ఐరిస్ తెరుస్తుంది. బురఖా బూడిదవుతుంది, ఆమె ముఖం సున్నం కొట్టినట్లు అవుతుంది. ఆ తెలుపుకూ ఆ నలుపుకూ ఒకే ఎండలో సుమారు నాలుగున్నర స్టాపుల దూరం ఉంది. పండుగనాడు మన వీధిలో ఆ రెండూ పక్కపక్కనే నడుస్తాయి.

మేము కొని తెచ్చుకున్న తప్పు మరొకటి ఉంది. అది లెక్కకు సంబంధించింది కాదు, దిక్కుకు సంబంధించింది. హైదరాబాద్ నుండి ఖిబ్లా ఇంచుమించు పడమర. పండుగ నమాజు ఉదయం పూట. అంటే నమాజు చేసేవారి వీపు మీద ఎండ, ముఖాన నీడ. వారి ముఖాలకోసం ఎదురుగా నిలబడిన మేము నేరుగా సూర్యుడి వైపు కెమెరా పెట్టాము. చిన్నప్పటి నుండి ఏటా అక్కడికి వెళుతున్నవారు మాలో ఉన్నారు. ఎండ ఎటు నుండి వస్తుందో ఒక్కరూ గమనించలేదు. మీరు ఏ ఛానల్‌లోనైనా పండుగ వార్త చూడండి. ముఖాలు కనపడని తెల్లని గుంపు కనిపిస్తే దానిలో కొంత దురుద్దేశం ఉందో లేదో మేము చెప్పలేము గాని, కొంత మాత్రం ఆటో ఐరిస్, ఎదురెండ. మేమే స్వయంగా తీసి చూశాము కనుక ఈ మాట అనగలుగుతున్నాము.

కెమెరాలో జీబ్రా అనే సదుపాయం ఉంటుంది. మనం చెప్పిన స్థాయికి వెలుతురు చేరినచోట తెర మీద చారలు కనపడతాయి. ముఖం మీద 70 శాతం దగ్గర చారలు వచ్చేటట్లు చూసుకోమని పాత టెలివిజన్ పాఠాలు చెబుతాయి. మేము అలాగే చేస్తే చాచా ముఖం పాలిపోయి ఎవరి ముఖమో అన్నట్లు వచ్చింది. ఆ 70 తెల్లవారి చర్మాన్ని చూసి కట్టిన లెక్క. ఇటువంటిది సినిమా చరిత్రలో కొత్తేమీ కాదు. కోడాక్ సంస్థ ఫోటో ల్యాబులకు రంగులు సరిచూసుకోవడానికి ఒక నమూనా చిత్రం పంపేది. అందులో చాలాకాలం పాటు ఒక తెల్లజాతి యువతి ఉండేది. ల్యాబులలో ఆ కార్డుకు షిర్లీ అని పేరు. ఆమె చర్మం సరిగా వస్తే రంగులన్నీ సరిగా వచ్చినట్లే. కెనడా పరిశోధకురాలు లోర్నా రోత్ 2009లో దీని మీద ఒక వ్యాసం ప్రచురించారు. ఆ ఫిల్ము మీద ముదురు గోధుమ ఛాయలు సరిగా రావడం లేదని సంస్థ చెవిన పడేలా మొరపెట్టినవారిలో చాకొలెట్ తయారీదారులు, చెక్క సామాను తయారుచేసేవారు ఉన్నారట. మనుషుల ముఖాలు ఆ తరువాతి సంగతి! ఈ ముక్క చదివిన రోజు మేము చాలాసేపు నవ్వుకున్నాము, ఆపైన చాలాసేపు మాట్లాడుకోలేదు.

ఇక మేము చేసిన దిద్దుబాటు. చాచా ముఖానికి మా కొలత 50 శాతం చుట్టూ కుదిరింది. అది ఏ పుస్తకంలోనూ దొరికింది కాదు, ఆయనను ఎదురుగా కూర్చోబెట్టుకొని, ఐరిస్ అటూ ఇటూ తిప్పి, తెర మీది ముఖాన్నీ ఎదుటి ముఖాన్నీ పోల్చి చూసుకొని తేల్చినది. మీ నాన్నగారి ముఖానికి అది వేరుగా ఉండవచ్చు.

దుకాణం ఆరడుగుల వెడల్పు. లోపల ఒక ట్యూబులైటు, బయట మిట్టమధ్యాహ్నపు గల్లీ. మొదటిసారి మేము లోపలి నుండి గుమ్మం వైపు తీసి మళ్ళీ అదే తప్పు చేశాము. రెండోసారి చాచా కూర్చున్న పీటను పావు వంతు తిప్పమని అడిగాము. ట్యూబులైటు ఆర్పాము. దాని రంగు, పగటి రంగు ఒక ముఖం మీద కలిస్తే చెంప ఒకటి ఆకుపచ్చగా వస్తుంది. ఎదురింటి గోడ మీద పడుతున్న ఎండపొడ దగ్గర తెల్లని థర్మాకోల్ షీటు పెట్టి, ఆ వెలుతురును దుకాణంలోకి మళ్ళించాము. షీటు పట్టుకున్నది చాచా మనుమడు. చేతులు నొప్పి పెడుతున్నా కదలలేదు.

ఈ పద్ధతికి ఒక వంశచరిత్ర ఉంది. సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలీ' మొదలుపెట్టినప్పుడు ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్రకు ఇరవై ఒకటో ఇరవై రెండో ఏడు. అంతకుముందు ఆయన సినిమా కెమెరా నడిపినవారు కారు. తరువాతి చిత్రం 'అపరాజితో' కోసం కాశీలోని ఇంటి ప్రాంగణాన్ని స్టూడియోలో కట్టినప్పుడు, పైన తెల్లని గుడ్డ పరిచి, దీపాలను నేరుగా నటుల మీద వేయకుండా ఆ గుడ్డ మీదికి వేశారు. ఆకాశం నుండి దిగినట్టి మెత్తని వెలుతురు వచ్చింది. ఆ చిత్రం 1956 నాటిది. మా థర్మాకోల్ షీటును స్టేషనరీ దుకాణంలో కొన్నాము. సినిమా పరికరాల బాడుగ భరించలేక ఈ చదువుకు వెనకాడేవారికి ఈ సంగతి చెప్పాలని మా కోరిక.

సుత్తి దెబ్బలు మరో కష్టం. చాచా గొంతు మెత్తన, సుత్తి పిడుగు. గొంతుకు తగినట్లు మైకు స్థాయి పెంచితే దెబ్బ పడ్డప్పుడల్లా శబ్దం చిట్లిపోతుంది. అలా చిట్లినదాన్ని తరువాత ఎవరూ బాగుచేయలేరు. ఒకే మైకును రెండు చానళ్ళకు పంపి, రెండోదానిని 12 డెసిబెల్స్ తక్కువకు పెట్టుకున్నాము. మాట ఒకదానిలో నుండి, దెబ్బ మరొకదానిలో నుండి తీసుకున్నాము. తెరిచిన కట్టలో వెండి రేకు మెరిసినప్పుడు తెర మీద జీబ్రా చారలు నిండిపోయాయి. మునుపైతే భయపడి ఐరిస్ మూసేవాళ్ళం. ఈసారి వెండిని మెరవనిచ్చాము. ముఖం ముట్టుకోలేదు.

రెండు నెలల పైన కొన్నాళ్ళకు బక్రీద్ వచ్చింది. వాన పడవచ్చునని కెమెరాకు ప్లాస్టిక్ కవరు చుట్టుకొని మళ్ళీ ఈద్గాకు వెళ్ళాము. ఆటో తీసేశాము. పదహారో వంతు ఫిల్టరు వేశాము. బారులకు ఎదురుగా నిలబడకుండా పక్కకు జరిగాము. నమాజు జరిగినంతసేపూ దూరపు దృశ్యాలే తీసి, ఖుత్బా ముగిసేదాకా ఆగాము. తరువాత ఏమవుతుందో మీకు తెలుసు. అందరూ లేచి, ఒకరివైపు ఒకరు తిరిగి, అలాయ్ బలాయ్ ఇచ్చుకుంటారు. అప్పటిదాకా పడమర చూసిన ముఖాలు తూర్పుకు తిరుగుతాయి, ఎండ ముఖాల మీద పడుతుంది. కింద పరిచిన తెల్లని చాదర్లు కూడా థర్మాకోల్ లాగానే గడ్డాల కింది నీడలకు వెలుతురు పంపుతాయి. కుర్తాల అంచులు కొన్ని పూర్తిగా తెల్లబడిపోయాయి. పోనిచ్చాము. చాచా తన పక్కనున్న ఎవరినో కౌగిలించుకొని ఇటు తిరిగినప్పుడు ఆయన కంటి కింది ముడతలు లెక్కపెట్టవచ్చు.

మాలో ఇద్దరు ఆడపిల్లలు. "ఇంత బరువు వీళ్ళేం మోస్తారు" అన్న మాట మాకు తరగతిలోనూ వినపడింది, గల్లీలోనూ వినపడింది. ఎఫ్‌ఎస్7 ఒక్కటీ రెండు కిలోలు, లెన్సూ బ్యాటరీ కలిస్తే ఇంకా ఎక్కువ. రెండు బిందెల నీళ్ళకంటే తక్కువే. బి.ఆర్. విజయలక్ష్మి 1985లోనే తమిళంలో 'చిన్నవీడు' చిత్రానికి ఛాయాగ్రహణం చేశారు. ఈ విషయంలో ఇంతకు మించి వాదించే ఓపిక మాకు లేదు. అయితే ఒక్క సంగతి. చాచా ఇంట్లో ఆయన భార్య, కోడలు వరక్ కట్టలు సర్దే దృశ్యం చిత్రంలో ఉంది. అక్కడికి వెళ్ళగలిగింది మా వారిలో ఆ ఇద్దరే. ముందు అడిగి, తీసిన తరువాత చూపించి, కోడలు వద్దన్న రెండు షాట్లను అక్కడికక్కడే తొలగించారు. మంచి షాట్లు. ఇప్పటికీ మాకు కొంచెం బాధగానే ఉంది.

ఈ చదువుకు ఎక్కడికి వెళ్ళాలని మీరు అడుగుతారు. పుణెలో 1960 నుండి ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, కోల్‌కతాలో సత్యజిత్ రాయ్ పేరిట ఒకటి ఉంది, ఢిల్లీలో జామియా మిల్లియాలో 1982 నుండి మాస్ కమ్యూనికేషన్ కేంద్రం ఉంది. మన నగరంలోని విశ్వవిద్యాలయాలలోనూ సంబంధిత విభాగాలున్నాయి. ఎక్కడ చేరబోయినా ముందు అక్కడ చదువుతున్నవారిని ఒక ప్రశ్న అడగండి: వారానికి ఎన్ని గంటలు కెమెరా మీ చేతిలో ఉంటుంది? అద్దాల బీరువాలో మెరిసే కెమెరాలు చూసి ఫీజు కట్టి, రెండేళ్ళు ఆ అద్దాలనే చూసి వచ్చినవారు మాకు తెలుసు.

చాచాకు పూర్తి చిత్రాన్ని ఆయన దుకాణం ముందే, ఎదురింటి గోడకు దుప్పటి కట్టి చూపించాము. గల్లీ అంతా వచ్చింది. ఈద్గా దృశ్యం రాగానే మేము తెరను వదిలి ఆయననే చూస్తూ కూర్చున్నాము. ఆయన ముఖం గురించి ఏమీ అనలేదు. "సుత్తి చప్పుడు తక్కువ పెట్టారు. నిజంగా ఇంకా గట్టిగా ఉంటుంది" అన్నారు. ఆ రాత్రే శబ్దాన్ని సరిచేశాము.

ఆ చిత్రాన్ని మరికాసేపట్లో ఇక్కడ చూపిస్తారు. అంతకుముందు, అదుగో ఆ బల్ల పక్కన ట్రైపాడ్ ఉంది, దాని మీద కెమెరా ఉంది. ఆటోలన్నీ తీసేసి పెట్టాము. ఇద్దరిద్దరుగా రండి. ఒకరు కిటికీకి వీపు పెట్టి కూర్చోండి, మరొకరు వారి ముఖం కనపడేదాకా ఐరిస్ తిప్పండి. ముందుగా బుడగ మధ్యలో ఉందో లేదో చూసుకోండి. సాబ్ కూడా వచ్చారు, చివరి వరుసలో కూర్చున్నారు.